గల్లంతైన అరవై నాలుగు కన్నాలు

పొగడవలస పురపాలక సంఘం కమిషనర్ విరించిరావు గారు బాధ్యత అనే అంశం మీద మూడు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చేదాకా, ఆ ఊళ్లో గోడలకు రెండేసి వైపులుంటాయన్న సంగతిని ఎవరూ అంత తీవ్రంగా తీసుకోలేదు.

శిక్షణలో ఎవరో పెద్దమనిషి ఒక కాగితం పైకెత్తి, "దీనికి ఎన్ని ముఖాలు?" అని అడిగాడట. అందరూ రెండన్నారు. "రెండో ముఖానికి జవాబుదారీ ఎవరు?" అన్నాడట. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే తనకు జ్ఞానోదయమైందని కమిషనర్ గారు తరువాత సిబ్బంది సమావేశంలో కళ్లు మూసుకుని చెప్పారు. ఆయన కళ్లు తెరిచేసరికి ఉత్తర్వు టైపై ఉంది. దాని పేరు ముఖ బాధ్యత విధానం.

"ఇకమీదట పురపాలక సంఘమునకు చెందిన ప్రతి వస్తువు యొక్క ప్రతి ముఖమునకు ఒక్కొక్క అధికారి బాధ్యత వహించవలెను. బాధ్యుడు లేని ముఖము గానీ, ముఖము లేని బాధ్యుడు గానీ ఉండరాదు."

వారం తిరక్కుండా ఆఫీసు గోడల లోపలి వైపు ఎస్టాబ్లిష్‌మెంట్‌కు, బయటి వైపు టౌన్ ప్లానింగ్‌కు వెళ్లిపోయాయి. తలుపు లోపలి గడియ ఒకరిది, బయటి గడియ ఇంకొకరిది. కమిషనర్ గారి బల్ల పైభాగాన్ని జనరల్ సెక్షన్ చూసుకుంటే, అడుగుభాగాన్ని, అక్కడ ఎవరెవరో అంటించిపోయిన బబుల్‌గమ్ దృష్ట్యా, శానిటేషన్‌కు అప్పగించారు. రికార్డు గది గోడ పగిలినప్పుడు ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లు తమ వైపు పగులు పూడ్చి, సున్నం వేసి, ఫొటో తీసి పంపారు. అవతలి పగులు టౌన్ ప్లానింగ్ పరిశీలనలో ఉంది. తరువాత వాన కురిసినప్పుడు ఆ గోడ సగమే తడిసినట్టు రికార్డయింది.

ఈ హడావుడి ఏదీ ఊరి చివర ఏటి ఒడ్డున ఉన్న పంపుహౌసుదాకా రాలేదు. అక్కడ పిల్లా సత్యవేణి ఎలక్ట్రానిక్స్ మెకానిక్. పాలిటెక్నిక్‌లో చదువుకుని, ఇరవై రెండేళ్లుగా అక్కడి మీటర్లనూ స్టార్టర్లనూ బాగుచేస్తోంది. ఆమెకు కరెంటంటే భయం లేదు. ఫైలంటేనే భయం. ఆఫీసుకు నెలకోసారి హాజరు పట్టీ ఇవ్వడానికి తప్ప వెళ్లేది కాదు.

మృగశిర కార్తెలో పంపుహౌసు పక్కనున్న స్తంభం మీద పిడుగు పడింది. పెద్ద మోటారుకు ఏమీ కాలేదు గాని, దాన్ని నడిపించే కంట్రోల్ కార్డు మాడి బొగ్గయింది. అరచేయంత కార్డు. అది చేసే పనీ చిన్నదే. ఏటి నీళ్లు వచ్చి చేరే సంపులో మట్టం పడిపోతే మోటారును ఆపుతుంది, నిండితే మళ్లీ నడుపుతుంది. నీళ్లు లేకుండా మోటారు ఉత్తినే తిరిగితే కాలిపోతుంది మరి. ఆ కార్డు తయారుచేసిన కంపెనీకి సత్యవేణి ఫోను చేస్తే, అది మూతబడి తొమ్మిదేళ్లయిందనీ, ఇప్పుడక్కడ పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు ఉందనీ, తేదీ చెబితే ఖాళీ ఉందో లేదో చూస్తామనీ అన్నారు.

కార్డు చేసే పని ఆపరేటర్ ఎర్రయ్య మీద పడింది. యాభై తొమ్మిదేళ్ల మనిషి సంపు గట్టు మీద స్టూలు వేసుకుని, వెదురుగెడతో మట్టం చూసి, లేచి వెళ్లి స్విచ్చి నొక్కి, మళ్లీ వచ్చి గెడ దింపేవాడు.

"నానేటి, కార్డునేటమ్మా?" అన్నాడు మూడోనాటికి నడుం పట్టుకుని. "ఏబై తొమ్మిదేళ్లకి నన్ను మిషన్లో బిగించీసినారు. ఎన్నాళ్లు సెయ్యగలను నాను?"

"కొంచెం ఓపిక పట్టు మావా. నేనే కొత్తది చేస్తాను," అంది సత్యవేణి.

ఎర్రయ్య నడుం ఎంతసేపు నిలబడితే అంతసేపే మోటారు నడిచేది. తూర్పు వైపు నాలుగు వార్డులకు రోజు విడిచి రోజు, అదీ ఇంటికి మూడు బిందెలు. సత్యవేణి ఇల్లు ఆ నాలుగింటిలో ఒకదానిలోనే ఉంది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి మాట్లాడటం మానేసేవారు. తిట్టినా బాగుండేదనిపించేది ఆమెకు.

మాడిన కార్డును భూతద్దం కింద పెట్టి, మీటరుతో కరెంటు పారే ఒక్కొక్క రాగి దారినీ తడుముతూ, ఏది ఎక్కడికి వెళుతుందో కంప్యూటర్ మీద గీసుకుంది. ఒకే వైపు గీస్తే సరిపోదు. రెండు దారులు ఒకదాన్నొకటి దాటవలసిన చోట రాగి రాగికి తగులుకుంటుంది. అందుకని ఒకదాన్ని కన్నం గుండా అడుగువైపుకు దించి, అవతలకు దాటించి, ఇంకో కన్నం గుండా పైకి తేవాలి. అలాంటి కన్నాలూ, కార్డు మీద అమర్చే విడిభాగాల కాళ్లు దూరేవీ, మరలు బిగించేవీ కలిపి మొత్తం అరవై నాలుగు తేలాయి.

చెక్కడానికి ఇంట్లో, కంప్యూటర్ మీద గీసినట్టే చెక్కే చిన్న సీఎన్‌సీ మిషను ఉంది. దాని మీద ఆమె సరదాగా ఇళ్లకు పేరుపలకలు చెక్కుతుంది. చెక్క మీద అక్షరాలు చెక్కే ఆ సూదిమొన బిట్టే, రెండు వైపులా రాగిరేకు అతికిన పలక మీద వెంట్రుకవాసి లోతున గీరితే, గీరిన చోట రాగి లేచిపోతుంది. మిగిలిన రాగే దారులవుతుంది.

చెప్పుకోవడానికి ఇంతే. మొదటి పలక రవ్వంత వంపు తిరిగి ఉండటంతో బిట్టు ఒక పక్క లోతుగా దిగి, ఇంకో పక్క గాలిలో తిరిగింది. రెండో పలకలో పైవైపు చక్కగా వచ్చింది గాని, తిరగేసి అడుగువైపు చెక్కేసరికి గీతలన్నీ అర మిల్లీమీటరు పక్కకు జరిగి, కన్నాలను తప్పించుకుని పోయాయి. మూడోది చూసి ఆమె కుర్చీలో కూలబడింది. అడుగువైపు బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పడం మరిచిపోయింది.

భర్త సూరిబాబు దర్జీ. పక్కగదిలో కుట్టుమిషను ఆపి వచ్చి, పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించీసినావు," అన్నాడు.

"తెలుసండీ. మీరు చెప్పక్కర్లేదు."

"అది సరే. నేను గుడ్డ తిరగేసేముందు గుండుసూదులు గుచ్చుతాను, జరిగిపోకుండా. నీ పలకకి సూదులేవీ?"

సత్యవేణి రెండు నిమిషాలు ఆయన వంక చూసింది. తరువాత పలక అంచుల్లో రెండు మూలలా అడుగుచెక్కలోకి దిగేలా కన్నాలు పొడిచి, వాటిలో రెండు ఉక్కు పుల్లలు నిలబెట్టింది. పైవైపు చెక్కి, తిరగేసి, అవే పుల్లలకు తగిలించి అడుగువైపు చెక్కింది. నాలుగో పలకను పుల్లల కన్నాలున్న అంచులు కోసేసి వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే, అరవై నాలుగు కన్నాల్లోంచీ అరవై నాలుగు వెలుగు చుక్కలు నేరుగా కనిపించాయి.

దారులు దాటే కన్నాల్లో సన్నతీగ ముక్కలు దూర్చి రెండు వైపులా సోల్డరింగ్ చేసింది. భాగాలు బిగించింది. వంటింట్లో గుండిగ నిండా నీళ్లు పోసి సంపు అనుకుంది, బల్బు తగిలించి మోటారు అనుకుంది. సూరిబాబు చెంబుతో నీళ్లు తోడుతుంటే మట్టం తగ్గి, తగ్గి, కార్డు 'టక్' మంది. బల్బు ఆరిపోయింది. ఆరిపోయిన బల్బును చూసి అంత సంతోషించిన దంపతులు ఆ వీధిలో ఇంకొకరు ఉండరు.

పురపాలక యంత్రానికి చిన్న మేకు దిగ్గొట్టాలన్నా స్టాకులోకి ఎక్కించాలి. అందుకని సోమవారం సత్యవేణి కార్డును జేబురుమాలులో చుట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

విద్యుత్ విభాగం అసిస్టెంట్ ఇంజనీరు మృత్యుంజయరావు గారు దాన్ని వేళ్లతో పట్టుకుని పొంగిపోయారు.

"అద్భుతం! స్థానిక వనరులతో, స్వీయ పరిజ్ఞానంతో, గృహ పరిధిలో రూపకల్పన! దీన్ని విద్యుత్ విభాగపు విజయంగా నివేదికలో పొందుపరుస్తాను," అంటూ తిరగేశారు. ముఖం మారిపోయింది. "దీనికి అడుగువైపు కూడా ఉందే!"

"ఉంటుంది కద సార్."

"ఉండటం వేరమ్మా, వినియోగించడం వేరు. ఖాళీగా ఉంటే ఉపేక్షించేవాణ్ని. మీరు దానిపై కార్యకలాపాలు నిర్వహించారు. ముఖ బాధ్యత విధానం ప్రకారం ఇది నా ఒక్కడి పరిధి కాదు. విద్యుత్ సామగ్రి అడుగు ముఖాలన్నీ స్టోర్స్‌వి."

స్టోర్స్ సూపరింటెండెంట్ కోదండపాణి గారిని పిలిచారు. ఆయన కార్డును తలకిందులుగా చూసి, తలూపి, తన రిజిస్టరు తెరిచారు. మృత్యుంజయరావు గారు తనది తెరిచారు. అర్ధగంటలో కార్డు పైవైపు ఒక చీటీ, అడుగువైపు ఒక చీటీ అంటుకున్నాయి.

"ఇప్పుడు బిగించుకోవచ్చా సార్?" అని అడిగింది సత్యవేణి.

"ఎవరు బిగిస్తారు?" అన్నారు కోదండపాణి గారు. "పై ముఖాన్ని నేను ముట్టరాదు. అడుగు ముఖాన్ని ఆయన ముట్టరాదు. సంయుక్త తనిఖీ జరగాలి. అంతవరకు కార్డు ఉదయం ఆయన కస్టడీలో పైకి చూస్తూ, మధ్యాహ్నం నా కస్టడీలో కిందికి చూస్తూ ఉంటుంది."

తొమ్మిది రోజులు కార్డు అలాగే పైకీ కిందికీ చూసింది. పదోరోజు తనిఖీ జరిగింది. పై ముఖం రిజిస్టరులో 'రంధ్రములు 64' అని ఉంది. అడుగు ముఖం రిజిస్టరులో కూడా 'రంధ్రములు 64' అని ఉంది. వెరసి నూట ఇరవై ఎనిమిది. తనిఖీ గుమాస్తా చీపురుపుల్ల పట్టుకుని ఒక్కొక్క కన్నంలో దూర్చి తీస్తూ లెక్కపెట్టాడు. అరవై నాలుగు. చెమట తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. అరవై నాలుగు. మూడోసారి కళ్లజోడు తుడుచుకుని లెక్కపెట్టాడు.

సాయంత్రం అయిదింటికి కమిషనర్ గారి గదిలో అత్యవసర సమావేశం పెట్టారు. సత్యవేణిని నిలబెట్టారు.

"సరిగ్గా సగం లోటు," అన్నారు విరించిరావు గారు, గంభీరంగా. "మన విధానం లేకపోతే ఈ లోటు బయటపడేదా? అరవై నాలుగు రంధ్రములు ఎక్కడికి పోయినవి?"

"ఎక్కడికీ పోలేదు సార్. పైన కనబడేదీ కింద కనబడేదీ ఒకటే కన్నం."

"ఒకే రంధ్రం ఇద్దరు అధికారుల స్వాధీనంలో ఎలా ఉంటుంది?"

"కన్నం అంటే అక్కడ ఏమీ లేదని కద సార్. ఏమీ లేనిదాన్ని ఎవరు పట్టుకెళ్తారు?"

కమిషనర్ గారు బాధగా నవ్వారు. "ఏమీ లేనిచోట లోటు రాదని పూర్వం అందరూ అనుకునేవారు. అందుకే వ్యవస్థ ఇలా తయారైంది."

మర్నాడు మెమో వచ్చింది. 'మీ పర్యవేక్షణలో తయారైన కార్డు నుండి అరవై నాలుగు రంధ్రములు గల్లంతైన విషయమై మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలసినది.' నకలు పోలీసు స్టేషనుకు కూడా వెళ్లింది. అక్కడి ఎస్సై రెండుసార్లు చదివి, వెనకాల నాలుగు వాక్యాలు రాసి తిప్పి పంపాడు. "ఇళ్లకు కన్నం వేసి సొత్తు పట్టుకుపోవుట మాకు తెలిసినదే. సొత్తును వదలి కన్నములు పట్టుకుపోవు ముఠా ఏదీ మా రికార్డులలో లేదు. గల్లంతైన కన్నముల ఆనవాళ్లు పంపినచో దర్యాప్తు చేయగలము. తిరిగి పంపడమైనది." ఈ జవాబు కాగితం వెనక ముఖం మీద ఉండటంతో, అది ఎవరి బాధ్యతో తేలక ఎవరూ చదవలేదు.

సత్యవేణి సంజాయిషీ రాయడానికి కూర్చుంది. 'పైన కనబడేదీ కింద కనబడేదీ' అని మొదలుపెట్టి, కొట్టేసి, మళ్లీ రాసి, ఆరు కాగితాలు చించేసింది.

అంతలో పంపుహౌసులో జరగకూడనిది జరిగింది. మిట్టమధ్యాహ్నం, ఎండకూ అలసటకూ ఎర్రయ్య గెడ పట్టుకునే కునుకు తీశాడు. సంపు ఖాళీ అయిపోయింది. మోటారు అరుపుకు ఉలిక్కిపడి లేచి, పరుగున వెళ్లి కాలుతున్న స్విచ్చిని చేత్తోనే లాగేశాడు. మోటారు దక్కింది. అరచేతి చర్మం ఊడివచ్చింది.

సత్యవేణి ఆసుపత్రికి వెళ్లేసరికి చేతికి కట్టు కట్టించుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"మోటారు బాగుందామ్మా?" అని అడిగాడు.

సత్యవేణి అతని పక్కన కూర్చుంది. తలూపింది.

"నాకూ మెమో ఇత్తారంట. స్విచ్చి బయటి ముకం ముట్టుకునే అదికారం నాకు నేదంట." నవ్వబోయి, చెయ్యి కదిలి, పళ్లు బిగించాడు. "నీ కన్నాలు దొరికినాయేటి?"

"దొరుకుతాయి మావా," అంది సత్యవేణి. "రేపే దొరుకుతాయి."

ఆ సాయంత్రమే పాడైపోయిన మూడో పలకను మిషనుకు బిగించింది. ఖాళీగా ఉన్న మూలలో ఎనిమిదేసి చొప్పున ఎనిమిది వరసలు కన్నాలు పొడిచి, ఆ ముక్కను కోసి, అంచులు అరగదీసింది. పొద్దున్నే స్టోర్స్‌కు తీసుకెళ్లి కోదండపాణి గారి ముందు పెట్టింది.

"గల్లంతైన కన్నాలు సార్. అరవై నాలుగు. చూసుకోండి."

ఆయన ముక్కను వెలుతురుకు ఎత్తి చూశారు. గుమాస్తా చీపురుపుల్ల తెచ్చాడు. లెక్క సరిపోయింది. కోదండపాణి గారికి ఎన్ని రోజులకో ముఖంలో కళ వచ్చింది.

"ఎక్కడ దొరికినవి?"

"మా ఇంట్లోనే సార్. రంపపు పొట్టు కింద."

"మరి రెండు ముఖాల మాట? ఇందులో కూడా పైన అరవై నాలుగు, కింద అరవై నాలుగు..." అని గుమాస్తా ఏదో మొదలుపెట్టబోతే కోదండపాణి గారు వాణ్ని టీ తెమ్మని పంపేశారు. ఎదురుగా సర్దుకుపోయిన లెక్కను మళ్లీ కదపడం ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకు అలవాటు లేదు. 'అరవై నాలుగు రంధ్రములు మంచి స్థితిలో ముట్టినవి' అని రసీదు రాసిచ్చారు.

కమిషనర్ గారు రసీదు చూసి పరవశించిపోయారు. తన విధానం వల్ల పోయిన సొత్తు తిరిగి వచ్చిన మొదటి సంఘటన అది. కాని వెంటనే మరో లోతైన ఆలోచన ఆయన్ను పట్టుకుంది.

"పై ముఖానికి అధికారి ఉన్నాడు. అడుగు ముఖానికి ఉన్నాడు. రెండింటి మధ్యనున్న రంధ్రానికి ఎవరున్నారు? ఎవరూ లేరు! లోటు రావడానికి మూలకారణం అదే."

సమావేశంలో ఉన్న అధికారులందరూ ఒక్కసారిగా తమ కాగితాల్లోకి చూసుకున్నారు. కన్నాల బాధ్యత తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పేరు బాగోలేదని ఒకరు, వంశంలో ఎవరూ ఆ పని చెయ్యలేదని ఒకరు అన్నారు. చివరికి మృత్యుంజయరావు గారు గొంతు సవరించుకుని, "ఆ రంధ్రములను తయారుచేసినది సత్యవేణమ్మే కాబట్టి..." అన్నారు. గది అంతటా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఉత్తర్వు సత్యవేణి చేతికొచ్చింది. ఫైళ్లంటే భయపడే మనిషి కాబట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. 'పురపాలక సంఘ పరిధిలోని సమస్త రంధ్రములకు సంబంధించి శ్రీమతి పిల్లా సత్యవేణి గారు పూర్తి బాధ్యురాలుగా, వాటి సంరక్షణ, తరలింపు, వినియోగముల విషయమై సర్వాధికారములు కలిగియుండగలరు.' సమస్త అన్న మాటను ఇంకోసారి చదివింది. తరలింపు అన్న మాటను మూడుసార్లు చదివింది.

తిన్నగా మృత్యుంజయరావు గారి గదికి వెళ్లి, బల్ల మీద పైకి చూస్తూ ఉన్న కార్డును తీసుకుని, జేబురుమాలులో చుట్టుకుని బయటకు నడిచింది. ఆయన వెనకాలే వరండాలోకి పరుగెత్తుకొచ్చారు.

"ఏమండీ! అది నా కస్టడీలోని ముఖం! దాన్నెలా తీసుకెళ్తారు?"

"ముఖాన్ని నేను ముట్టలేదు సార్. నా కన్నాలు నేను తీసుకెళ్తున్నాను. ఉత్తర్వులో తరలింపు అని ఉంది."

"కార్డు చేతిలో పెట్టుకుని కన్నాలంటారేమిటి!"

"కన్నాల చుట్టూ మీ కార్డు ఉండిపోయింది సార్. మీకు కావలిస్తే ఊడదీసుకోండి. కన్నాలకు మాత్రం ఏమీ కాకూడదు. లెక్కలో తేడా వస్తే మళ్లీ మీకే ఇబ్బంది."

మృత్యుంజయరావు గారు నోరు తెరిచారు. ఆలోచించారు. నిబంధనల పుస్తకం కోసం లోపలికి వెళ్లారు. ఆయన దాన్ని వెతికి తెచ్చేలోగా సత్యవేణి పంపుహౌసులో నాలుగు మరలు బిగించేసింది. స్విచ్చి వేసింది. మోటారు గొంతు సవరించుకుని అందుకుంది. మధ్యాహ్నం రెండింటికి తూర్పు వార్డుల కుళాయిల్లో ముందు గాలి, తరువాత తుప్పునీళ్లు, ఆ తరువాత మంచినీళ్లు వచ్చాయి. సూరిబాబు కొలతల టేపు మెడలో ఉండగానే బిందె పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు.

మృత్యుంజయరావు గారు ఊరుకునే మనిషి కాదు. రెండో రోజుకల్లా, రోడ్లు కూడా అదనంగా చూసే ఆయన విభాగం నుంచి సత్యవేణి పేర ఒక చక్రాల బండి నిండా ఫైళ్లు వచ్చాయి. ఊళ్లో రోడ్ల మీది గుంతలన్నీ, మూడు వందల పదిహేడు, రంధ్రముల నిర్వచనం కిందికి వస్తాయి గనక తగు చర్య నిమిత్తం బదిలీ చేయడమైనదట. ఇంజనీరు గారు ఆ పూట ఇంటికి పెందలాడే వెళ్లి సుఖంగా పడుకున్నారని ఆఫీసులో చెప్పుకున్నారు.

సత్యవేణి ఆ ఫైళ్ల గుట్ట ముందు చాలాసేపు కూర్చుంది. మొదట ఏడుపొచ్చింది. తరువాత సంచిలోంచి చీపురుపుల్ల ఒకటి తీసుకుని, తనిఖీ గుమాస్తాను వెంటబెట్టుకుని బజారు కూడలిలోని పెద్ద గుంత దగ్గరకు వెళ్లింది. జనం చూస్తుండగా పుల్లను గుంతలోకి దించింది.

"అవతలికి తేలిందా?" అని అడిగింది.

"తేల్లేదండి. మట్టి తగిలింది," అన్నాడు గుమాస్తా.

"రాసుకోండి. అవతలి వైపు తేలనిది కన్నం కాదు. ఇది రోడ్డు పై ముఖమే. లోపలికి పోయిందంతే."

మూడు వందల పదిహేడు ఫైళ్లూ ఆ ఒక్క వాక్యంతో వెనక్కి వెళ్లాయి. కమిషనర్ గారు దాన్ని చదివి, తర్కంలో దోషం కనిపించక సంతకం చేశారు. రోడ్ల పై ముఖాలు విద్యుత్ విభాగం అదనపు బాధ్యతల్లో ఉన్నాయి. విధానం ప్రకారం ప్రతి ముఖానికీ బాధ్యుడి నామఫలకం ఉండాలి కాబట్టి, శుక్రవారానికల్లా ఊళ్లోని ప్రతి గుంత పక్కనా 'బాధ్యులు: శ్రీ మృత్యుంజయరావు గారు' అన్న రేకు పలక వెలిసింది, కింద ఫోను నంబరుతో సహా.

ఆటోవాళ్లు గుంతలో పడినప్పుడల్లా బండి ఆపి ఫోను చేసేవారు. మార్కెట్టు గుంతలో స్కూటరుతో పడ్డ ఒక పెద్దావిడ ఆఫీసుకే వచ్చి ఆయన గది చూపించమంది. పది రోజుల్లో పొగడవలసలో వంద గుంతలు పూడాయి. ఇంజనీరు గారు స్వయంగా గొడుగు వేసుకుని దగ్గరుండి పూడ్పించారు. ఆయన చర్మం నల్లబడింది, నడుం కొలత తగ్గింది.

బాధ్యత ఇంత దూరం వెళుతుందని ఎవరూ అనుకోలేదు. సెక్షన్లన్నీ కలిసి కమిషనర్ గారి దగ్గరకు వెళ్లాయి. ఒక గుంత ఆయన ఇంటి గేటు ముందే ఉందనీ, గేటు ముందరి ముఖం నేరుగా కమిషనర్ బాధ్యత గనక అక్కడ పెట్టవలసిన పలక తయారవుతోందనీ వినయంగా మనవి చేశాయి. విరించిరావు గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి రద్దు ఉత్తర్వు టైపై ఉంది. 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ముఖ బాధ్యత విధానమును ఉపసంహరించుకొనడమైనది. ఇకమీదట అన్ని ముఖములకు అందరూ సమష్టిగా బాధ్యత వహింతురు.' ఆ సాయంత్రం ఆఫీసులో అందరూ స్వీట్లు పంచుకున్నారు. పూడ్చవలసిన గుంతలు ఇంకా రెండు వందల పదిహేడు ఉన్నాయి. అవి సమష్టివైపోయాయి.

సత్యవేణిని రంధ్రముల బాధ్యత నుంచి తప్పించి, ఛార్జి అప్పగించమన్నారు. ఎవరికో రాయలేదు. ఆమె ఖాళీ కాగితం మీద 'ఎక్కడివి అక్కడే ఉన్నవి' అని రాసి సంతకం చేసి ఇచ్చేసి, పంపుహౌసుకు వెళ్లిపోయింది.

చెయ్యి మానాక ఎర్రయ్య డ్యూటీకి వచ్చాడు. కొత్త కార్డు బిగించినప్పుడు అతను లేడు. అలవాటుగా గెడ తీసుకుని సంపు గట్టు మీదికి వెళ్లబోతే సత్యవేణి ఆపి, పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది.

ఇద్దరూ మోటారు వైపు చూస్తూ కూర్చున్నారు. సంపులో మట్టం దిగుతోంది. ఎర్రయ్యకు కుదురు లేదు. రెండుసార్లు లేవబోయాడు. నీళ్లు చివరి మెట్టు దిగాయి. పెట్టెలో 'టక్' మని చిన్న చప్పుడైంది. మోటారు దానంతటదే నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. ఏటి గాలి చప్పుడు వినిపించసాగింది.

ఎర్రయ్య స్విచ్చి వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. తరువాత సత్యవేణి దగ్గరకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు ఆపింది ఎవులమ్మా?"

"ఎవరూ కాదు మావా. అదే ఆగింది."

"ఎవులి సంతకం నేకుండానే?"

"లేకుండానే."

ఎర్రయ్య లేచి వెళ్లి పంపుహౌసు తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"ఈ సంగతి ఆపీసోల్లకి తెలవనియ్యకమ్మా," అన్నాడు.